గోనెగుడ్డకు అర్థం వెతుక్కుంటూ బోధన్ దాకా

పెట్టెలో గుడ్డముక్కలు

బోధన్ వెళ్లొచ్చానంటే మా యానాం వాళ్లు "అక్కడ ఏ దేవుడున్నాడు?" అని అడిగారు. దేవుడి కోసం కాదు, ఒక గుడ్డముక్క కోసం వెళ్లానని చెప్తే నా వంక జాలిగా చూశారు. పెళ్లీ పెటాకులూ లేకుండా పాతికేళ్లు పాఠాలు చెప్పుకుంటే ఆడదానికి ఇలాంటి బుద్ధులే పుడతాయని మా పెంటమ్మ పిన్ని మొహం మీదే అంది. కాబట్టి ముందు ఆ గుడ్డముక్క సంగతి చెప్పాలి.

నేను హైదరాబాద్‌లో ఫ్రెంచి వాళ్లకు ఇంగ్లీషు నేర్పుతాను. యానాంలో పుట్టినందుకు ఫ్రెంచి ఊరికే వచ్చింది. ఇంగ్లీషు కష్టపడి నేర్చుకున్నాను. ఆ రెంటి మధ్య నాకు బతుకుతెరువు దొరికింది. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా ఫ్యాక్టరీల పని మీద వచ్చిన ఇంజనీర్లు, వాళ్ల ఇల్లాళ్లు. వ్యాకరణం ఎలాగో నెట్టుకొస్తారు గానీ, వస్తువులు దేనితో తయారయ్యాయో చెప్పాలంటే తడబడతారు. గుడ్డని వాళ్ల భాషలో 'తిస్యు' అంటారు. ఆ ధైర్యంతో బట్టల కొట్టుకి వెళ్లి రెండు మీటర్ల టిష్యూ ఇమ్మంటారు. కొట్టాయన పెళ్లికూతురికి కట్టే జరీ టిష్యూ చీర తీసి పరుస్తాడు. కర్రకీ అడవికీ వాళ్లకు ఒకటే మాట, అందుకని కుర్చీని అడవితో చేయిస్తారు. వాళ్ల తప్పేం లేదు, క్లాత్ ఎక్కడ ఆగుతుందో ఫ్యాబ్రిక్ ఎక్కడ మొదలవుతుందో ఇంగ్లీషువాణ్ణి అడిగినా నీళ్లు నములుతాడు.

అందుకని ఒక బిస్కెట్ల డబ్బాలో ముక్కలు పోగుచేశాను. నూలు, పట్టు, ఉన్ని, దూది, మేకతోలు, టేకుచెక్క, గాజుపెంకు, అట్ట. ఒక్కో దానికి దారంతో చీటీ కట్టాను. చేత్తో ముట్టుకున్న మాటని మనిషి మరిచిపోడని నా నమ్మకం. ఆ డబ్బా అంటే నాకు కాస్త గర్వం కూడా.

తొంభైల మధ్యలో ఒక చలికాలం క్లేర్ అనే అమ్మాయి క్లాసులో చేరింది. ఇరవై రెండేళ్లుంటాయి. పేరూ మాటా ఫ్రెంచి, రంగూ ముఖమూ అచ్చం మన పిల్లే. నెలల పిల్లగా ఉన్నప్పుడు బోధన్ దగ్గర ఒక మిషన్ ఆసుపత్రి నుంచి ఫ్రాన్సులో ఒక పల్లెటూరి దంపతులు తీసుకెళ్లి పెంచుకున్నారు. పెంచిన తండ్రి పోయాడు. తల్లి మార్త్ ఊళ్లోనే ఉంటుంది.

క్లేర్ వచ్చిన నాలుగో రోజున నేను డబ్బాలోంచి గోనెముక్క తీశాను. "ఇది సాకింగ్. దీన్ని బట్ట అనుకోకండి. బంగాళాదుంపలు, సిమెంటు, చెత్త, అలాంటివి వేసుకునేది" అని గడగడా చెప్పుకుపోయాను. అందరూ రాసుకున్నారు. క్లేర్ రాసుకోలేదు. ఆ ముక్కని చెంపకి ఆనించుకుని, "గుచ్చుకుంటుంది" అంది.

క్లాసయ్యాక బ్యాగులోంచి ఒక పాత కాగితం తీసింది. ఆసుపత్రి వాళ్లు ఇంగ్లీషులో రాసిచ్చిన రెండు వాక్యాలు. ఈ రోజే పుట్టిన ఆడపిల్ల, తల్లి చనిపోయింది. సాకింగ్‌లో చుట్టి తెచ్చారు. ఆ రెండో వాక్యంలోని మాట ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలీదట. ఏదో గుడ్డ అనుకున్నారట. చిన్నప్పటి నుంచీ క్లేర్ దానికి తనే ఒక రంగు ఊహించుకుంది, పసుపు రంగు.

"టీచర్, నన్ను చెత్తలాగా పారేశారా?" అని అడిగింది.

నేను ఆ గోనెముక్కని డబ్బాలో పడేసి మూత పెట్టాను. పిల్లని గోనెలో ఎవరు చుట్టారో, ఎందుకు చుట్టారో నా నిఘంటువుల్లో ఎక్కడ వెతికేది? "వెళ్లి అడుగుదాం పద" అనేశాను. అన్నాక గానీ తట్టలేదు, వెళ్తే ఏం వినాల్సి వస్తుందో! క్లేర్ ఒక షరతు పెట్టింది: ఎవరు ఏం చెప్పినా ఉన్నదున్నట్టు ఫ్రెంచిలో చెప్పాలి, ఒక్క మాట కూడా మెత్తబరచకూడదు. నేను ఒప్పుకున్నాను.

నిజామాబాద్: కంఠేశ్వర్‌లో ఒక అరుగు

కంఠేశ్వర్‌లో ఒక లాడ్జిలో దిగాం. ముందంతా ఆటోల రొద. గుడి దారిలో మందుల షాపులూ, డాక్టర్ల బోర్డులూ వరసగా ఉన్నాయి. టీ రూపాయిన్నర. మా వైపు టీకి పాలవాసన ఉంటుంది, ఇక్కడ టీకి టీ వాసనే ఉంది. క్లేర్ మూడు కప్పులు తాగింది.

లాడ్జి పక్కింటి అరుగు మీద గంగామణి అనే ఆమె బీడీలు చుడుతూ కూర్చుంది. నలభై ఏళ్ల మనిషి, ఒళ్లో చాట, చాటలో తునికాకు కత్తిరింపులు, తంబాకు. మాతో మాట్లాడుతున్నా చేతులు ఆగలేదు. ఆమె మొదట క్లేర్‌నే పలకరించింది. నేనేమో కళ్లద్దాలూ నా గోదారి యాసా వేసుకుని పక్కన నిలబడ్డాను. క్లేర్ నవ్వి ఊరుకుంది. ఇంకో రెండు ప్రశ్నలకీ నవ్వే జవాబయ్యేసరికి గంగామణికి మండింది.

"ఏం బిడ్డ, అడుగుతుంటె పలుకవేంది? గంత గర్వమా? సదువుకున్నవని మాట్లాడవా?"

పిల్లది బోధన్ పుట్టుకేననీ, ఫ్రాన్సులో పెరిగి తెలుగు రాదనీ నేను చెప్పేసరికి దారం తెంపుతున్న చేయి ఆగింది. "అయ్యో, మన పోరినే! దేశం పోతె మాట సుత పోతదా?" అంటూ జరిగి చోటిచ్చింది. క్లేర్ ఒళ్లో చాట పెట్టి బీడీ చుట్టడం నేర్పింది. ఆకు తడిపి, గీతలకు అడ్డంగా కాకుండా చూసుకుని, తంబాకు పోసి, గోరుతో మడిచి దారం చుట్టాలి. క్లేర్ చుట్టిన మొదటి బీడీ జానెడు పొడుగొచ్చింది. "గిది తాగాలంటె ఇద్దరు మొగోళ్లు కావాలె" అని గంగామణి నవ్వింది. క్లేర్ చాటని వేళ్లతో తడిమి, ఇది దేనితో చేస్తారని అడిగింది. వెదురు, దాని మీద అలుకు. ఈ అలుకుకి ఇంగ్లీషు మాట చెప్పమంటే నాకూ తెలీలేదు. నా డబ్బాలో అది లేదు.

మేమెందుకొచ్చామో విని గంగామణి క్లేర్ ఒళ్లోంచి చాట తీసి పక్కన పెట్టింది. తర్వాత క్లేర్ తల నిమిరి, "కన్నోళ్లు ఎందుకు గట్ల చేసిన్రో నాకేం తెలుసు బిడ్డ. గని నా బిడ్డను నేను ఎన్ని తిట్టినా పారెయ్య" అంది. ఇది ఫ్రెంచిలో చెప్పడం సులువే. మధ్యాహ్నం మాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. చేప లేనిదే ముద్ద దిగని ఊళ్లో పెరిగినదాన్ని, ఉల్లిపాయ వేసిన ఆ చల్లటి పులుసు రెండోసారి అడిగి పోయించుకున్నాను.

మోస్రా: ఎక్కకూడని బస్సు

మర్నాడు బోధన్ బస్సెక్కాలి. "నేనున్నానుగా, కంగారు పడకు" అని క్లేర్‌కి ధైర్యం చెప్పి వర్ని వెళ్లే బస్సు ఎక్కించాను. కండక్టర్ని అడిగితే నామోషీ కదా! మోస్రాలో దింపి, బోధన్‌కి ఇక్కడి నుంచి ఇంకో బస్సు ఉందని ఆయనే చెప్పాడు. దిగుతుంటే నా చెప్పు తెగింది.

బస్సులు ఆగే చోట ఒక పెద్దాయన చెప్పులు కుట్టుకుంటున్నాడు. నా చెప్పు చూసి, "గిది బర్రెతోలు. నీ లెక్కనే గట్టిది, కుడితె ఇంకో నాలుగేండ్లు నడుస్తది" అన్నాడు. నేను సందు దొరికిందని పచ్చి చర్మానికి ఒక మాట, ఊరబెట్టిన తోలుకి ఒక మాట, పెద్ద పశువు తోలుకి ఇంకో మాట అని క్లేర్‌కి పాఠం మొదలుపెట్టాను. పెద్దాయన ఈలోగా క్లేర్ బూట్ల మీద వేలితో గీకాడు. ఫ్రాన్సులో కొన్న ఖరీదైన తోలు బూట్లవి.

"అమ్మా, గిది తోలు గాదు. ప్లాస్టిక్. వాసన సూడుండ్రి."

క్లేర్ బూటు విప్పి వాసన చూసింది. నేనూ చూశాను. ఆయనదే రైటు. పెట్టె మీద ఇంత పెద్ద అక్షరాలతో తోలు అని రాసుందట. "కాగితం మీద రాసిందల్లా నమ్మకూడదన్నమాట" అని క్లేర్ నవ్వింది. బయల్దేరాక అదే మొదటిసారి నవ్వు మనసులోంచి రావడం.

బోధన్: చెరకు బండ్ల వెనక

బోధన్ కంటే ముందు బోధన్ వాసన వచ్చింది. పాకం మాడినట్టు, తడి గడ్డి మగ్గినట్టు. చక్కెర ఫ్యాక్టరీ గానుగాడే రోజులు. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు చెరకు నింపుకుని రోడ్డంతా బారులు తీరి ఉన్నాయి. మా బస్సు బండ్ల వెనకాల ఎడ్లతో సమానంగా నడిచింది. కిటికీలోంచి చెయ్యి చాపి జనం గడలు లాగుతుంటే బండివాళ్లు తిట్టినట్టే తిడుతున్నారు. చెరకు మోపుల మీద పిల్లలూ, వంట సామానూ, కోళ్లూ. కోత పనికి కుటుంబాలు అవతలి మహారాష్ట్ర వైపు నుంచి కూడా వస్తాయని పక్కన కూర్చున్నాయన చెప్పాడు. క్లేర్ ఆ పిల్లల ముఖాలనే చూస్తూ ఉంది.

బజారులో సగం మాటలు మరాఠీ. ఖాళీ బస్తాలు అమ్మే కొట్టు ఒకటి కనిపిస్తే నా కాళ్లు వాటంతటవే ఆగాయి. ఆ వ్యాపారి కళ్లు మూసుకుని ఒక్కో సంచీ తడిమి ఏది చక్కెరదో ఏది వడ్లదో చెప్పేస్తున్నాడు. "చక్కెర బస్త నేత దగ్గరగుంటది, లేకుంటె కారిపోతది. వడ్ల బస్త జర వదులు. యూరియా బస్త ప్లాస్టిక్, దాన్ని మేం బస్తల లెక్కనే పెట్టం." నా ఇరవై అయిదేళ్ల చదువు ఆయన రెండు వేళ్లలో ఉంది. ఆ ఉత్సాహంలో నోరు జారి, పసిపిల్లల్ని కూడా వీటిలో చుడతారా అని అడిగాను.

"తోబ! గిది పీనుగుకు సుత సుట్టరమ్మా. పసిపిల్ల తోలు నిలుస్తదా? పారేసేటోళ్లు సుడుతరేమో."

క్లేర్ నా వైపు చూసింది. మాట ప్రకారం ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె తలూపి, చక్కెర బస్తాని ఒకసారి ముట్టుకుని, బజారులోకి నడిచింది. నా నాలుక కోసి ఆ కొట్టు ముందు వేలాడదీయాలనిపించింది.

మిషన్ ఆసుపత్రి మూతపడి చాలా ఏళ్లయింది. ఇప్పుడది ఎరువుల గోదాము. కాపలా ఉన్న ముసలాయన తాళం తియ్యలేదు గానీ, బెంచీ చూపించి కూర్చోమన్నాడు. ఆ రోజుల్లో పిల్లల వార్డు చూసిన ఆయమ్మ ఎస్తేరమ్మ రెంజల్‌లో కొడుకు దగ్గర ఉంటోందని చెప్పాడు. "ఆమెకు అన్నీ యాదికున్నయి. గని ఎవ్వలకు చెప్పది" అన్నాడు.

రెంజల్: ఎస్తేరమ్మ

ఎస్తేరమ్మకి డెబ్బై దాటాయి. ఇంటి ముందు ఒక బర్రె, గోడకి శిలువ, వాక్యం రాసిన క్యాలెండర్. తెల్ల రవికె, ముతక చీర, నున్నగా దువ్విన జుట్టు. మేమెవరమో నేను చెప్పడం పూర్తికాకముందే క్లేర్ గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకి తిప్పి చూసింది.

"చెరుకు కొట్టే దినాలల్ల పుట్టిందా?"

అవునన్నాను.

"ముందుగాల తినుండ్రి. తిన్నంక మాట్లాడుదం."

మా వైపయితే ముందు ఊరి సంగతులన్నీ అయ్యాకే కంచం పెడతారు. ఇక్కడ ఆమె రొట్టెలు చేసి, పల్లికారం వేసి, మేం తింటున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. క్లేర్ రెండు రొట్టెలు ఎలాగో మింగింది. కంచాలు తీశాక ఎస్తేరమ్మ కోడల్ని బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసింది.

"నువ్వు గోనెల వచ్చిన పిల్లవు. నేనే అందుకున్న" అని మొదలుపెట్టింది. "మీ అమ్మమ్మ నెత్తిన కొంగు లేకుంట ఉరికొచ్చింది. బండిల మీ తల్లి ఉన్నది. నెత్తురు ఆగలే. దవాఖాన దర్వాజ కాడికి రాంగనే పానం పోయింది. మీ నాయిన ముందుగాల్నే సచ్చిపోయిండట. ముసల్ది నిన్ను నా చేతిల పెట్టింది. గోనె సూసి నేను తిట్టిన. బిడ్డనా, చెత్తనా అని."

నేను ఫ్రెంచిలోకి మారుస్తున్నాను. క్లేర్ నా చెయ్యి పట్టుకుంది.

"గప్పుడు చెప్పింది. మీ తల్లికి నీ ముంగట ఇద్దరు పుట్టిన్రు. ఇద్దరికి కొత్త బట్టలేసిన్రు, తొట్లె కట్టిన్రు, పేరు పెట్టిన్రు. ఇద్దరు సుత నెల తిరక్కుంట పోయిన్రు. నువ్వు పుట్టంగనే మీ తల్లే అన్నదట, దీనికి ఏం వద్దు, గోనెల సుట్టి పెంట మీద ఎయ్యండ్రని."

నేను ఆగిపోయాను. పెంట అంటే ఏమిటో క్లేర్‌కి తెలీదు. ఊరి బయట అని చెప్పొచ్చు, పెరట్లో అని చెప్పొచ్చు. "మీరు మాటిచ్చారు" అంది క్లేర్. చెప్పాను, పేడా చెత్తా పోసే కుప్ప మీద అని. నా చేతిలోంచి ఆమె చెయ్యి జారిపోయింది.

ఫ్రెంచి రాకపోయినా ఎస్తేరమ్మకి అర్థమైంది. "ఆగు బిడ్డ, ఇంక అయిపోలే. సావుకు కండ్లుంటయి. ముద్దుగ సింగారిచ్చిన పిల్లను సూస్తె ఎత్తుకపోతది. గందుకే గోనెల సుట్టి పెంట మీద ఏస్తరు. గిది ఎవ్వలకు పనికిరాంది అనుకోని సావు పక్కకెల్లి పోవాలె. ఎన్క ఇంకో ఆడిది వచ్చి, దొరికిందని ఏరుకుంటది. తల్లి ఆమెకు చాటెడు తౌడిచ్చి కొనుక్కుంటది. గట్ల తౌడుకు కొన్న పిల్ల బతుకుతది. ఊళ్లల్ల ఎంతమంది పెంటయ్యలు, పెంటమ్మలు లేరు? గాళ్లందరు ముద్దుబిడ్డలే. ఎక్కువ ముద్దు ఉంటెనే గట్ల చేస్తరు."

నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మా పెంటమ్మ పిన్ని! ముగ్గురు పోయాక పుట్టిన పిల్ల. ఆ పేరు పెట్టి మేం చిన్నప్పుడు ఎంత ఏడిపించాం ఆవిణ్ణి. మా అమ్మమ్మ చచ్చేదాకా ఆవిడకే ముందు అన్నం కలిపి పెట్టేది. ఇంట్లో అర్థం పెట్టుకుని, మాటలు నేర్పే పంతులమ్మని, గోనె అంటే చెత్త వేసుకునేది అని పిల్లకి పాఠం చెప్పాను. ఇదంతా క్లేర్‌కి చెప్పాను, మా పిన్నితో సహా. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వింది.

"మరి ఆ కాగితంలో ఇది ఎందుకు రాయలేదు?" అని అడిగింది.

ఎస్తేరమ్మ గోడ మీది శిలువ వైపు తల తిప్పింది. "నేను చెప్పలే. దొరసానమ్మ పెద్ద నర్సు. నేను ప్రార్థనకు పోయేదాన్ని. పెంట, తౌడు అని చెప్తె, ఇంక గివ్వే నమ్ముతున్నవా అని నన్నంటదని భయపడ్డ. గోనెల తెచ్చిన్రు అని ఊకున్న. ఆమె గదే రాసుకున్నది."

"అమ్మమ్మ మళ్లీ రాలేదా?"

"వచ్చింది. పోంగ నాకు చెప్పింది, నువ్వే ఏరుకున్నవనుకో అక్క, తౌడు తెచ్చి కొనుక్కపోతా అని. నెల తిరిగినంక కొంగుల తౌడు కట్టుకొని నడిసొచ్చింది. నేను తీసుకోలే. మా దేవుడు గివన్ని ఒప్పుకోడు అన్న. పిల్లను దొరలు తీసుకపోతున్నరు, మంచిగ బతుకుతది, నీ తౌడు నువ్వు తీసుకపో అన్న. ఆమె గడప కాడ పోసి పోయింది." ఎస్తేరమ్మ చేత్తో పోసినట్టు చూపించింది. "కోళ్లు తిన్నయి. మల్ల రాలే. ఎండకాలంల పోయిందని బండ్లోళ్లు చెప్పిన్రు."

ఇక్కడ మాత్రం నేను అనువాదం సగంలో ఆపేశాను. అమ్మమ్మ వచ్చి చూసి వెళ్లిందని చెప్తే చాలు కదా. కోళ్ల సంగతి ఎందుకు?  ఎస్తేరమ్మ నా మోకాలి మీద తట్టింది.

"గది సుత చెప్పు టీచరమ్మా. నేను ఇరవై రెండేండ్లు ఊకున్న. నువ్వు ఊకోకు."

చెప్పాను. కోళ్లతో సహా.

క్లేర్ లేచి బయటికి వెళ్లి బర్రె దగ్గర నిలబడింది. మేమిద్దరం లోపలే ఉన్నాం. ఎస్తేరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఉంది, నేను గుమ్మం బయట విడిచిన నా చెప్పు కుట్టు వంక చూస్తూ ఉన్నాను. తిరిగొచ్చి క్లేర్ గుమ్మంలోనే ఆగి అడిగింది.

"అయితే నన్ను ఇంకా ఎవరూ కొనుక్కోలేదా?"

నేను తెలుగులో చెప్పాను. ఎస్తేరమ్మ ఉలిక్కిపడి చూసింది. ఆ ముఖంలో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "లేదు బిడ్డ. లెక్క ప్రకారం నువ్వింక నా దగ్గర్నే ఉన్నవు" అంది.

తర్వాత మోకాళ్లు పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. బర్రెకి పెట్టే తౌడు చాటనిండా తెచ్చింది. దండెం మీదున్న గోనెపట్టా దులిపి క్లేర్ భుజాల చుట్టూ కప్పింది. "పాస్టరుకు చెప్పకుండ్రి" అని నాకు గట్టిగా చెప్పి, చాట క్లేర్ చేతుల్లో పెట్టి, తను కొంగు పట్టి నిలబడింది.

"ఎవల పేరు మీద కొంటున్నవ్?"

క్లేర్ నా వంక చూసింది. కన్నతల్లి పేరు ఎస్తేరమ్మకి కూడా తెలీదు, ఆ బండితోనే పోయింది. ఇక్కడ లేనివాళ్లు కొనుక్కోవచ్చా అని అడిగించింది క్లేర్. కొనేవాళ్లకు ప్రేమ ఉండాలి గానీ ఎక్కడుంటే ఏం అంది ఎస్తేరమ్మ.

"మార్త్" అంది క్లేర్.

"మార్తమ్మనా?" ముసలావిడ కళ్లు పెద్దవయ్యాయి. "మా బైబిల్ల పేరే గద! పొయ్యి బిడ్డ, మార్తమ్మ పేరు చెప్పి పొయ్యి."

క్లేర్ తౌడు పోసింది. సగం కొంగులో, సగం నేల మీద పడింది. ఎస్తేరమ్మ కొంగు బిగించి ముడేసుకుని, క్లేర్ రెండు భుజాలూ పట్టుకుని నా వైపు నెట్టింది. "తీసుకపో. ఇగ గీ పిల్ల మార్తమ్మది." అని, గోనెపట్టా సర్దుతూ, "గుచ్చుకుంటుందా?" అని సైగతో అడిగింది.

"గుచ్చుకుంటుంది" అని తల ఊపి, క్లేర్ ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. నేను అనువాదం చెయ్యలేదు. బయట కోడలూ, పక్కింటివాళ్లూ తలుపు సందులోంచి చూస్తున్నారని ఆ తర్వాత తెలిసింది. పాస్టరుగారికి సాయంత్రంలోపే తెలిసే ఉంటుంది.

మళ్లీ బోధన్: టెలిఫోన్ డబ్బా

తిరుగు బస్సులో క్లేర్ నోటుపుస్తకం తీసింది. క్లాసులో ఆ రోజు రాసుకోని మాట ఇప్పుడు రాసుకుంది. దాని ఎదురుగా ఫ్రెంచిలో అర్థం రాసి నాకు చూపించింది: పిల్లని చావు చూడకుండా చుట్టే గుడ్డ. పంతులమ్మగా అది తప్పని కొట్టెయ్యాలి. నేను సరేనని టిక్కు పెట్టాను. ఇంటికొచ్చాక నా డబ్బాలో గోనెముక్కకి కట్టిన చీటీ కూడా తీసేశాను, కొత్తది ఏం రాయాలో ఇంకా తేలలేదు.

బోధన్‌లో ఎస్టీడీ బూత్ కనిపించగానే క్లేర్ దిగుదామంది. గాజు తలుపు వెనక రిసీవర్ పట్టుకుని, భుజం మీద ఆ గోనెపట్టాతోనే, చేతులు ఊపుతూ మాట్లాడింది. రోడ్డు మీద చెరకు బండ్లు సాగుతూనే ఉన్నాయి. నేను బెంచీ మీద కూర్చుని, అవతల ఆ ఫ్రెంచి పల్లెటూళ్లో మార్త్ ఏమనుకుంటుందో అని బెంగపడుతున్నాను. పెంచిన తల్లికి కన్నతల్లి కథ చెప్పడం ఎవరికైనా అంత తేలిక కాదు. క్లేర్ వెళ్లిపోతుందేమోనని ఆవిడ ఎన్ని రాత్రులు భయపడిందో ఎవరికి తెలుసు.

క్లేర్ బయటికొచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

"అమ్మ ఏమంది?" అని అడిగాను.

"మొత్తం రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, ఒక్క చాటెడేనా అని అడిగింది. మనూరి పిండిమిల్లు మొత్తం ఇమ్మన్నా ఇచ్చేదాన్ని, నన్నొక మాట అడగాల్సింది అంది."

ఆ మాట నేను తెలుగులో ఉత్తరం రాసి రెంజల్‌కి పంపాను, ఒక్క ముక్క కూడా మార్చకుండా.